రెండేళ్లు వాడాక: ఫ్లాట్‌లో గ్రో టెంటు, మిర్చి, కొత్తిమీర

60×60 సెంటీమీటర్ల అడుగు, 140 ఎత్తు ఉన్న గ్రో టెంటు (ఇంట్లోనే లైటు కింద మొక్కలు పెంచే గుడ్డ గుడారం), ఒక ఎల్‌ఈడీ బోర్డు, నాలుగంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను, డయల్ టైమరు. హైదరాబాద్‌లో ఎండ పడని గదిలో రెండేళ్లుగా నడుస్తున్న సెట్టు ఇది. ఆకుకూరలకు దండగ కాదు. మిర్చికైతే వేసవి నెలలు తీసేసి లెక్కేసుకోవాలి.

లైటు పెట్టె మీద 1000 వాట్లని రాసి ఉంటుంది. ప్లగ్గు మీటరు పెడితే లాగేది 100. అబద్ధమే గానీ, ఈ అడుగుకి ఆ 100 సరిపోతుంది. రోజుకు 14 గంటలు వెలిగితే నెలకు 42 యూనిట్లు, ఫ్యాను కరెంటు వేరే. నారుకు రెండడుగుల ఎత్తున, మొక్క నిలదొక్కుకున్నాక అడుగు ఎత్తున వేలాడదీయాలి. కాడ సన్నగా సాగి వాలిపోతోందంటే లైటు దూరమైనట్టు, పై ఆకులు మాత్రమే తెల్లగా పాలిపోతే మరీ దగ్గరైనట్టు.

ఎన్ని గంటలు వెలిగించాలన్న దగ్గర చాలామంది బోల్తా పడతారు. వీడియోల్లో వినిపించే 18 గంటలు, తర్వాత 12 గంటలు అనే లెక్క అమెరికా, కెనడాల్లో గంజాయి పెంచేవాళ్లది. ఇక్కడ లైసెన్సు లేకుండా ఆ సాగు 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల నిరోధక) చట్టం కింద నేరం. లెక్క మాత్రం మన మొక్కల మీదికి ఎక్కేసింది. మిర్చి పూతకు పగటి నిడివితో పని లేదు, 14 గంటలు మొదటి నుంచీ చివరిదాకా ఉంచొచ్చు. కొత్తిమీరకు 16 గంటలు ఇస్తే ఆకు పెట్టకుండా పూతకొస్తుంది. దానికి 11, 12 చాలు. అందుకే ఈ రెండూ ఒకే టెంటులో కుదరవు. డయల్ టైమరైతే కరెంటు పోయినంతసేపూ ఆగిపోయి, వారం తిరిగేసరికి వేళలు మారిపోతాయి. బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరే తీసుకోండి.

అసలు చిక్కు వేడి. ఫ్యాను గదిలో గాలినే లోపలికి లాగుతుంది, కాబట్టి టెంటు ఎప్పటికీ గది కంటే చల్లబడదు, నాలుగైదు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. 35 దాటితే మిర్చి పుప్పొడి పనికిరాక పూత రాలిపోతుంది. లైటు డ్రైవరును (లైటుకు కరెంటు అందించే, వేడెక్కే పెట్టె) టెంటు బయట పెట్టి, సాయంత్రం 7 నుంచి ఉదయం 9 దాకా వెలిగిస్తే ఏప్రిల్ మొదటి వారాల దాకా నెట్టుకు రావచ్చు. ఆ తర్వాత మూసేయడమే మేలు. చలికాలంలో కూడా కాయ పట్టకపోతే పుప్పొడిని కదిలించే గాలి లేదేమో చూడాలి: రోజుకోసారి పూత ఉన్న కాడను వేలితో తట్టినా చాలు.

నీళ్ల సంగతి. బోరు నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువుంటే పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) ఎక్కుతుంది, ఇనుము అందక లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉంచి పసుపెక్కుతాయి. కిరాణా కొట్టు నిమ్మ ఉప్పుతో పీహెచ్ దిగుతుంది గానీ రెండ్రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం నిలుస్తుంది. ఆర్‌ఓ నీళ్లు వాడితే లీటరుకు కాల్షియం నైట్రేట్ అర గ్రాము, ఎప్సమ్ సాల్ట్ 0.3 గ్రాములు, సూక్ష్మపోషకాలున్న 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న ఎరువు) అర గ్రాము. మూడింటినీ ఒకే గిన్నెలో చిక్కగా కలిపితే తెల్లగా విరిగి అడుక్కి చేరతాయి. బకెట్ నిండా నీళ్లు పోశాక ఒక్కోటీ విడిగా కరిగించి కలపాలి. కోకోపీట్‌ను (కొబ్బరి పొట్టు) కడగకుండా వాడితే అందులోని ఉప్పుకు నారు మాడుతుంది.

తడి ఎక్కువైతే నుసుములు లేస్తాయి. పసుపు జిగురు అట్టలు పెద్దవాటినే పడతాయి, పిల్లపురుగులు చావాలంటే కుండీలో పై అంగుళం ఆరనివ్వాలి. మిర్చిలో పై ముడత (ఆకు అంచులు పైకి ముడుచుకోవడం) కనిపిస్తే తామర పురుగు (త్రిప్స్), కింది ముడతైతే నల్లి (మైట్). భూతద్దంతో ఆకు అడుగున చూడకుండా మందు కొట్టకండి. బాల్కనీ మొక్కని ఒక్కదాన్ని లోపలికి తెచ్చినా ఈ రెండూ వెంట వస్తాయి.