బత్తాయి తోట మీద హైపర్‌స్పెక్ట్రల్ డ్రోన్ సర్వే: డబ్బు కట్టి చేయించుకున్నాక నా రివ్యూ

క్రషర్ల పక్కన, క్వారీల పక్కన తోటలున్న రైతులకు ఈ మధ్య ఫోన్లు వస్తున్నాయి, "హైపర్‌స్పెక్ట్రల్ కెమెరాతో మీ చెట్ల జబ్బు, దుమ్ము, నేలలో ఉన్న ఖనిజం అన్నీ చూపిస్తాం" అని. మేం చేయించుకున్నాం. ఎవరైనా చేయించుకోవాలనుకుంటే ముందు ఇది చదవండి. కంపెనీ పేరు రాయను, అడగొద్దు. వాళ్ళ పని ఎట్లా ఉంది, ఏం అడగాలి అన్నది మాత్రం పూర్తిగా రాస్తాను. నా మార్కులు ఐదుకు మూడు.

మాది నల్గొండ జిల్లా గుర్రంపోడు వైపు. ఏడుగురు రైతులం, అందరివీ కలిపి 58 ఎకరాల బత్తాయి. తోటలకు ఈశాన్యాన కంకర క్రషర్ ఉంది, దాని వెనక క్వారీ. చలికాలం గాలి అటు నుంచే వీస్తుంది కాబట్టి దీపావళి దాటిందంటే మా ఆకులు ఆకుపచ్చగా కాదు, సిమెంటు బస్తా రంగులో ఉంటాయి. పూత రాలుతోంది, కాయ సైజు రావడం లేదు. క్రషర్ వాళ్ళను అడిగితే మీ చెట్లకే జబ్బు అంటారు, మందుల షాపులో అడిగితే ఇంకో డబ్బా చేతిలో పెడతారు. ఇదివరకు ప్రజావాణిలో రెండుసార్లు అర్జీ పెట్టాం, ఆధారం ఏదని అడిగారు. ఆ ఆధారం కోసమే ఎకరాకు 1,500 చొప్పున 87,000 కట్టాం. నా 9 ఎకరాలకు 13,500.

ఇది మామూలు డ్రోన్ ఫోటో కాదు. మన ఫోన్ కెమెరా వెలుగును ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు ముక్కలు చేసి చూస్తుంది. ఈ కెమెరా అదే వెలుగును వందల సన్నటి ముక్కలు చేస్తుంది, ఒక్కో ముక్క కొన్ని నానోమీటర్లు (వెలుగు రంగును కొలిచే చిన్న కొలత అది). మనిషి కంటికి 400 నుంచి 700 నానోమీటర్ల దాకానే కనబడుతుంది, అసలు కథ అది దాటాక ఉంది. ఆకులో ఉండే పత్రహరితం ఎరుపు వెలుగును 670 దగ్గర బాగా తాగేస్తుంది. 750 దాటాక ఆకు లోపలి కణాలు వెలుగును వెనక్కి కొడతాయి. ఆకు వెనక్కి పంపే వెలుగును గ్రాఫు గీస్తే ఈ రెంటి మధ్య అది గోడలా నిటారుగా లేస్తుంది, దాన్నే రెడ్ ఎడ్జ్ అంటారు. చెట్టు నీరసపడితే ఆ గోడ ఎరుపు వైపు కొంచెం జరుగుతుంది, ఆకు పసుపు రంగుకు తిరగకముందే. నాకు ఈ టెక్నాలజీ మీద నమ్మకం కుదిరింది ఇక్కడే.

డిసెంబరు రెండో వారంలో కంపెనీ నుంచి ముగ్గురు కుర్రాళ్ళు కారులో వచ్చారు. పని పద్ధతిగా చేశారు, ఆ మాట చెప్పాలి. పైలట్ సర్టిఫికెట్ అడిగితే చూపించారు. పొద్దున్నే ఎగరేస్తారనుకున్నా, 11 దాకా ఆగారు, ఎండ నడినెత్తికి వస్తే నీడలు తగ్గుతాయట. ఎగరేసే ముందు పీట అంత ఉండే తెల్లటి పలక ఒకటి నేల మీద పెట్టారు. దాని మీద పడిన వెలుగు దాదాపు మొత్తం తిరిగి వస్తుంది, కెమెరా దాన్ని కొలతబద్దగా పెట్టుకుంటుంది. మధ్యలో మబ్బు తునక అడ్డమొస్తే డ్రోన్ దింపేసి, ఎండ వచ్చాక పలకను మళ్ళీ కొలిచి మొదలుపెట్టారు. ఎవరైనా పలక లేకుండా ఎగరేస్తే అక్కడే ఆపేయండి, ఆ అంకెలు రేపు ఇంకో రోజు అంకెలతో పోల్చడానికి పనికిరావు.

ఉస్మానియాలో జియాలజీ చదివే మా మేనల్లుడు ఆ రోజు వచ్చాడు. వాడు లేకపోతే మా డబ్బు సగం మట్టిలో పోయేది. వాళ్ళ దగ్గర ఆకు వెలుగును గ్రాఫుగా చూపే, చేతితో పట్టుకుని కొలిచే స్పెక్ట్రోమీటర్ ఉంటే, "మామా, ఒక బకెట్ నీళ్ళు తే" అన్నాడు. క్రషర్ వైపు నాలుగో వరుసలో ఒక కొమ్మ పట్టుకున్నాం. ఆకు మీద వేలితో గీస్తే గీత పడేంత దుమ్ము. ముందు అట్లాగే కొలిచారు, ల్యాప్‌టాప్‌లో గోడ పొట్టిగా, వంగినట్టు వచ్చింది. తర్వాత నేనే ఆ ఆకులను రెండు వైపులా వేళ్ళతో రుద్ది కడిగి, పాత ధోవతి గుడ్డతో అద్ది ఆరబెట్టాను. అదే ఆకును మళ్ళీ కొలిస్తే గ్రాఫు లేచి నిలబడింది. ఇన్నేళ్ళుగా నోటితో చెబుతున్న మాట గీతగా మారి కళ్ళముందు కనబడితే నాకు గొంతు పట్టేసింది. ఆకు బాగానే ఉంది, దానికి వెలుగు అందడం లేదు, అంతే.

ఇదే పరీక్ష నైరుతి మూలన ఇంకో చెట్టుకు చేశాం. కడిగాక కూడా గీత లేవలేదు. పాదు తవ్వి చూస్తే వేరు బెరడు ఊడి వస్తోంది, కుళ్ళు వాసన. అక్కడ డ్రిప్ లేటరల్ పైపు పగిలి నీళ్ళు నిలుస్తున్నాయి. రిపోర్టు మ్యాపులో ఈ మూల, ఆ నాలుగో వరుస రెండూ ఒకే ఎరుపు! పైనుంచి చూసే కెమెరా చెట్టుకు బాగాలేదని చెబుతుంది, ఎందుకు బాగాలేదో కిందకు దిగి నడిచి, తవ్వి, కడిగి చూసుకోవాల్సిందే. ఈ సంగతి ఫోన్లో అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

చెప్పని సంగతి ఇంకొకటి పెద్దది. "దుమ్ములో ఉన్న ఖనిజాన్ని కూడా గుర్తుపడతాం" అన్నారు కదా, మా మేనల్లుడు అడిగిన మొదటి ప్రశ్న, "మీ కెమెరా ఎక్కడి దాకా చూస్తది?" అని. 400 నుంచి 1000 నానోమీటర్లు అన్నారు. సున్నపురాయి గుర్తు 2340 దగ్గర ఉంటుంది, బంకమట్టి గుర్తు 2200 దగ్గర. 1000 దగ్గర ఆగిపోయే కెమెరాకు అవి కనబడవు. మాది గ్రానైట్ కంకర. అందులో ఎక్కువగా ఉండేవి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. 2500 దాకా చూసే కెమెరా తెచ్చినా వాటికి గుర్తుపట్టేంత ముద్ర ఉండదు, దానికి వేడి కిరణాలను చూసే థర్మల్ రకం సెన్సర్ కావాలి. అంటే మా దగ్గర ఆ మాట అననే కూడదు. హుజూర్‌నగర్, మేళ్ళచెరువు వైపు సున్నపురాయి గనుల పక్కన ఉన్నవాళ్ళకైతే అర్థముంది, అయితే 2500 దాకా చూసే కెమెరా ఉన్నవాళ్ళనే పిలవండి. ఆ రేటు చాలా ఎక్కువ ఉంటుంది. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ కనబడుతుందా అని మా వాళ్ళలో ఒకాయన ఆశగా అడిగాడు. కనబడదు. ఇది నేల పైపొరను మాత్రమే చూస్తుంది, ఆ నీళ్ళు లాబ్‌కే పోవాలి.

రిపోర్టు పది రోజుల్లో అన్నారు, 34 రోజులకు వచ్చింది. మొత్తం ఇంగ్లీషు, రంగుల పీడీఎఫ్. ఏడుగురిలో ఐదుగురు దాన్ని చదవలేరు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని రంగులేశారు. ఆ రంగుల స్కేలు మా 58 ఎకరాల్లో ఉన్న తక్కువకూ ఎక్కువకూ మధ్య సాగదీసింది. అట్లా వేస్తే ఎంత ఆరోగ్యంగా ఉన్న తోటలోనైనా ఎక్కడో ఒకచోట ఎరుపు వచ్చి తీరుతుంది, దాన్ని చూసి టెన్షన్ పడి మందులు కొంటాం. స్కేలు మార్చి అసలు అంకెలతో ఇవ్వమని మూడుసార్లు ఫోన్ చేస్తే గాని ఇవ్వలేదు. ముడి డేటా అడిగితే మా డేటాను మాకే ఇవ్వనన్నారు, గట్టిగా నిలబడితే హార్డ్ డిస్క్ మీరే కొనుక్కుని రండి అన్నారు. వంద జీబీ దాటింది. రెండు మార్కులు నేను తగ్గించింది ఈ నెల రోజుల తిప్పటకే.

అయినా ఆ సరిచేసిన మ్యాపు మాకు ఒక కొత్త సంగతి చెప్పింది. మేం ఇన్నాళ్ళూ క్రషర్‌నే తిడుతున్నాం. మ్యాపులో దుమ్ము పట్టీ క్రషర్ చుట్టూ కన్నా టిప్పర్లు పోయే మట్టి బాట వెంబడి దట్టంగా ఉంది, బాట వంపు తిరిగిన చోట పట్టీ కూడా వంపు తిరిగింది. బాట పక్క మొదటి మూడు నాలుగు వరుసలు ఘోరం, పది వరుసలు దాటితే తేడా బాగా తగ్గింది. ఆ కాగితం పట్టుకుని మళ్ళీ ప్రజావాణికి పోయాం. ఇది చాలదు, గాలిలో దుమ్మును మిషన్ పెట్టి కొలవాలి అన్నారు. ఆ మాట నిజమే. కానీ ఈసారి ఊరికే పంపలేదు, తనిఖీకి వచ్చారు. క్రషర్లకు నీళ్ళు చల్లే ఏర్పాటు, గాలి ఆపే గోడ, చుట్టూ చెట్లు ఉండాలని నిబంధనలున్నాయి. గోడ ఇంకా కట్టలేదు, బాట మీద మాత్రం రోజుకు రెండుసార్లు ట్యాంకర్ తిరుగుతోంది.

క్వారీ గుంత ఎంత పెరిగిందో చూడడానికైతే దయచేసి ఎవరికీ డబ్బు కట్టకండి. యూరప్ వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహం బొమ్మలు 2015 నుంచి ఉచితంగా ఉన్నాయి, బొమ్మలో ఒక్కో చుక్క (పిక్సెల్) 10 మీటర్ల నేల, కొన్ని రోజులకొకసారి కొత్త బొమ్మ వస్తుంది. మేనల్లుడు పావుగంటలో ఏడాదికొక బొమ్మ చొప్పున వరుసగా పెట్టి చూపించాడు, గుట్ట కరిగిపోవడం మా ఇంట్లో కూర్చుని చూశాం. ఉపగ్రహంలోనూ హైపర్‌స్పెక్ట్రల్ ఉంది. మన ఇస్రో హైసిస్‌ను 2018 నవంబరు 29న శ్రీహరికోట నుంచి పంపింది, జర్మనీ ఎన్‌మ్యాప్ 2022లో పోయింది. ఉపగ్రహాల డేటా దిగే కేంద్రం మన షాద్‌నగర్‌లోనే ఉంది. కానీ హైసిస్, ఎన్‌మ్యాప్ రెంటికీ పిక్సెల్ 30 మీటర్లు. 20 అడుగుల దూరంలో నాటిన బత్తాయి అయితే ఒక్కో పిక్సెల్‌లో 24 చెట్లు పడతాయి, మధ్యలోని నేలతో సహా. అమ్రాబాద్ అడవి లాంటి పెద్ద జాగాకు అది సరిపోతుంది, వరుస వరుసకూ తేడా చూడాలంటే డ్రోనే కావాలి.

ఒంటరిగా చేయించకండి, పక్క రైతులను కలుపుకోండి. డబ్బు కట్టేముందే కాగితం మీద రాయించుకోండి: కెమెరా ఎన్ని నానోమీటర్ల దాకా చూస్తుంది, ముడి డేటా మనదే, మళ్ళీ ఎగరేసినా రంగుల స్కేలు ఒకటే, రిపోర్టు తెలుగులో. ఒక్కసారి ఎగరేస్తే అది ఆ రోజు ఫోటో మాత్రమే, ట్యాంకర్ తిరిగాక తగ్గిందా లేదా తెలియాలంటే రెండోసారి తప్పదు. మేం మార్చి ఆఖరుకు అదే కంపెనీకి మళ్ళీ చెప్పాం, ఈసారి షరతులు మావి, సగం డబ్బు రిపోర్టు చేతికొచ్చాకే. ఆ రోజు పొద్దున్నే నాలుగో వరుసలో పది చెట్లు స్ప్రేయర్‌తో కడిగి ఉంచుతాం, వాటి పక్క పది చెట్లను ముట్టుకోం.