సినిమా పేరుతో పాట దొరికే పెట్టె ఏది? మూడు పాటల పెట్టెలు ఏళ్ల తరబడి వాడాక

పాటల పెట్టె, అంటే పాటలన్నీ లోపలే దాచుకుని వినిపించే మ్యూజిక్ ప్లేయర్, కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది సౌండ్ ఎలా ఉంటుందని. మూడు రకాలవి ఇంట్లో వాడాక నేను ముందు చూసేది వేరు: సినిమా పేరుతో వెతికితే పాట దొరుకుతుందా? మనకి పాటలు సినిమా పేరుతో గుర్తుంటాయి, ఆ వెంటే సంగీత దర్శకుడు. బయటి దేశాల్లో తయారైన పెట్టెల లెక్క మాత్రం ఒక గాయకుడు, అతని ఆల్బమ్. ఆ లెక్కలో మన సినిమా పాటలు సరిగ్గా ఇమడవు.

మా ఇంట్లో ఎక్కువ మోగేది అమ్మ గదిలో ఉన్న కారవాన్ తెలుగు. పాత హెచ్‌ఎంవీ రికార్డుల గ్రామఫోన్ కంపెనీయే ఇప్పటి సారెగమ. వాళ్లు 2017లో హిందీ పాటలతో కారవాన్ మొదలుపెట్టారు, తర్వాత తెలుగుదీ వచ్చింది. 5000 పాటలు లోపలే ఉంటాయి. నెట్ అక్కర్లేదు, ఫోన్ అక్కర్లేదు. నాబ్ తిప్పి ఘంటసాల దగ్గర ఆపితే వరసగా ఘంటసాల పాటలే. కరెంటు పోయినా బ్యాటరీ మీద పాడుతూనే ఉంటుంది. అద్దాలు పెట్టుకోకుండా అమ్మ వాడగలిగింది ఇదొక్కటే, పెద్దవాళ్లకి కొనాలంటే ఇంకోటి చూడక్కర్లేదు. అయితే ఆ 5000 పాటలూ ఆ కంపెనీ హక్కుల్లో ఉన్నవే. వేరే కంపెనీల క్యాసెట్ల మీద వచ్చిన ఎనభైలు, తొంభైల సినిమాలు కావాలంటే పెన్‌డ్రైవ్‌లో వేసి గుచ్చుకోవాలి.

రెండోది తమ్ముడు లండన్ నుంచి తెచ్చిన బ్రెన్నన్ బీ2. దీన్ని తయారుచేసిన మార్టిన్ బ్రెన్నన్ ఒకప్పుడు అటారీ జాగ్వార్ గేమ్ మెషీన్ రూపకర్తల్లో ఒకరు. లోపల ఉన్నది రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డే. సీడీ పెడితే హార్డ్ డిస్క్ మీదకి కాపీ చేసుకుంటుంది. ఫ్లాక్ అనే ఫైలు రకంలో దాచుకుంటే నాణ్యత ఏమీ తగ్గకుండా సీడీ పట్టే చోటులో ఇంచుమించు సగంలో సరిపోతుంది. యాంప్లిఫయర్ కూడా అందులోనే ఉంది కాబట్టి పాత స్పీకర్ల వైర్లు నేరుగా వెనక బిగించాను. బీరువాలో మూలుగుతున్న ఆడియో సీడీలన్నీ దీంతోనే ఎక్కించాను, ఆ పనికి చాలా బాగుంది. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి, బాలమురళీకృష్ణ కచేరీలు దీంట్లో వింటుంటే హాయిగా ఉంటుంది. కచేరీకి ఒక గాయకుడు, ఒక ఆల్బమ్ అన్న లెక్క చక్కగా సరిపోతుంది మరి.

సినిమా పాటల దగ్గరే తంటా. చాలా సీడీల్లో పాటల పేర్లు ఉండవు, పెట్టెలు వాటిని బయటి డేటాబేస్‌ల నుంచి తెచ్చుకుంటాయి. అవి ఎక్కువగా జనం నింపినవి. వాటిలో పెద్దవాటిలో ఒకటైన ఫ్రీడీబీ 2020లో మూతపడింది. తెలుగు సీడీల వివరాలు నింపినవాళ్లు తక్కువ. అందుకని ఏ పెట్టెలో పెట్టినా చాలా సీడీలకి 'ట్రాక్ 01, ట్రాక్ 02' అనే వస్తుంది. పేర్లు వచ్చినా ఒక్కో సీడీకి ఒక్కో స్పెల్లింగ్: ఇంగ్లీషు 'హెచ్' ఉన్న ఘంటసాల ఒకరు, లేని ఘంటసాల ఇంకొకరు అయిపోతారు.

ఈ చిక్కు తీరింది మూడోదాంతో. ఇది నేను జత చేసుకున్నది: రాస్ప్‌బెర్రీ పై 4, డిజిటల్ పాటని స్పీకర్లకి వెళ్లే సిగ్నల్‌గా మార్చే ఒక డ్యాక్ బోర్డు, ఒక యూఎస్‌బీ హార్డ్ డిస్క్. అందులో ఆ బోర్డుని పాటల పెట్టెగా నడిపే పైకోర్‌ప్లేయర్, దాని మీద పాటల్ని వరస పెట్టి వినిపించే లిరియన్ మ్యూజిక్ సర్వర్, రెండూ సాఫ్ట్‌వేర్లే. లిరియన్‌కి పెద్ద కథే ఉంది. స్లిమ్ డివైసెస్ అనే కంపెనీ స్క్వీజ్‌బాక్స్ అనే పాటల పెట్టెలు తయారుచేసేది. ఆ కంపెనీని 2006లో లాజిటెక్ కొనేసింది, 2012లో ఆ పెట్టెల తయారీ ఆపేసింది. వాడేవాళ్లు మాత్రం దాని సాఫ్ట్‌వేర్‌ని వదల్లేదు, 2024లో లిరియన్ అని పేరు మార్చుకుని ఇంకా నడుస్తోంది. డబ్బులు పెట్టి కొనేది బోర్డులూ డిస్కే, సాఫ్ట్‌వేర్ ఉచితం. పైకోర్‌ప్లేయర్ ర్యామ్‌లో నడుస్తుంది కాబట్టి కరెంటు టక్కున పోయినా మెమరీ కార్డు పాడయ్యే భయం చాలా తక్కువ. మా వీధిలో వేసవి కరెంటు కోతలకి ఇది చాలా పెద్ద సుగుణం.

ఇందులో ట్యాగులు, అంటే పాట ఫైలులోనే రాసి ఉండే పేరు, ఆల్బమ్, గాయకుడు లాంటి వివరాల గడులు, మన చేతిలో ఉంటాయి. మాయాబజార్ (1957) తీసుకోండి. ఘంటసాల, లీల, సుశీల, మాధవపెద్ది సత్యం పాడారు. 'ఆల్బమ్ ఆర్టిస్ట్' గడి ఖాళీగా ఉంటే చాలా పెట్టెలు ఆ ఒక్క సినిమానీ గాయకుడికొకటి చొప్పున ముక్కలు చేసి చూపిస్తాయి. నేను ఆ గడిలో సంగీత దర్శకుడి పేరు, 'ఆల్బమ్'లో సినిమా పేరు, 'ఆర్టిస్ట్'లో పాడినవాళ్లు, సంవత్సరం దాని గడిలో, అన్నీ తెలుగు లిపిలోనే నింపుతాను. కంప్యూటర్‌లో ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రామ్‌తో సినిమా మొత్తం ఒకేసారి మార్చేయొచ్చు. ఇప్పుడు ఫోన్‌లో 'మా' అని కొట్టగానే సినిమా వస్తుంది. సంగీత దర్శకుల్లో పెండ్యాల దగ్గరికి వెళితే ఆయన సినిమాలన్నీ సంవత్సరాల వరసలో కనిపిస్తాయి. ఆ వరసలో వింటుంటే ఆయన బాణీలు ఏటికేడు ఎలా మారాయో చెవికే తెలిసిపోతుంది. ఇంత సుఖం నాకు ఇంకే పెట్టెలోనూ దొరకలేదు.

ఓపిక లేనివాళ్లకి ఇది చెప్పను. మొదటిసారి అమర్చుకోవడానికి కంప్యూటర్ పరిచయం కావాలి, ట్యాగులకి సాయంత్రాలు బోలెడు పోతాయి. వందేసి పాటలు కుక్కిన పాత ఎంపీ3 సీడీలుంటే వాటిని ముందు కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి, సీడీలు గీతలు పడి చదవడం మానేయకముందే. ట్యాగులు నింపిన ఫోల్డర్ మొత్తానికి ఇంకో డిస్క్ మీద నకలు తీసి వేరే ఇంట్లో ఉంచండి. మాది ఖమ్మంలో అక్క దగ్గరుంది.