గుజరాతీ గల్లీ మేడమీది మానిటర్ రిపేరు: పనికి పదికి తొమ్మిది, మాటకి పదికి నాలుగు

కోఠి గుజరాతీ గల్లీలో కింద రెసిస్టర్లు, వైర్లు, అడాప్టర్లు అమ్మే దుకాణాలు. వాటి పైన మానిటర్లు బాగుచేసే షాపు ఒకటుంది. బోర్డు లేదు. కింద కౌంటర్లో ఎవరినైనా "మానిటర్ రిపేరు?" అని అడిగితే నోరు తెరవకుండా గడ్డంతోనే మెట్లు చూపిస్తారు. మెట్లు బాగా ఇరుకు. మానిటర్‌ను గుండెకు ఆనించుకుని ఎక్కాలి, పైనుంచి ఎవరైనా దిగుతుంటే కిందే ఆగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇంట్లో కుర్రాళ్లని పంపడం మేలు.

మాది చిక్కడపల్లిలో చిన్న డీటీపీ సెంటరు. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, కరపత్రాలు, అప్పుడప్పుడూ ఎవరో ఒక రిటైర్డ్ మాస్టారి పద్యాల పుస్తకం. ఇప్పటికీ అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీదే పని. దానికి తగ్గట్టే పాత చదరపు మానిటర్, 19 అంగుళాలది, 1280 బై 1024. వెడల్పు స్క్రీన్ కూడా ఒకటుంది గానీ నిలువు పేజీ పెట్టుకుని అక్షరాలు సర్దడానికి నాకు ఈ చదరపుదే కావాలి. "ఇంకా ఇదేంటక్కా" అని కాలేజీ పిల్లలు నవ్వుతారు. నవ్వనీ, ప్రాజెక్ట్ రికార్డు బైండింగ్‌కి మళ్లీ నా దగ్గరికే వస్తారు.

మాఘమాసం ముహూర్తాల ముందు అది మొరాయించడం మొదలుపెట్టింది. పొద్దున్నే ఆన్ చేస్తే బొమ్మ వచ్చేది, రెండు సెకన్లకు తెర నల్లబడేది. కింద పచ్చ లైటు మాత్రం ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉండేది. ఆపి మళ్లీ వేస్తే మళ్లీ అంతే. అలా వేస్తూ ఆపుతూ ఉంటే కాసేపటికి నిలబడేది, ఎండెక్కాక ఇక ఆ గోలే ఉండేది కాదు. పెళ్లికూతురి మేనమామ వేలు పెట్టి గోత్రం, ఇంటిపేరు సరిచూస్తుంటే తెర ఆరిపోయిందనుకోండి, ఆయన మొహం అప్పుడు చూడాలి. అపశకునం అనలేదు గానీ, అన్నంత పని చేశాడు.

ఇంట్లోనే చేయదగ్గ పరీక్ష ఒకటుంది, ఇది అందరికీ పనికొస్తుంది. తెర నల్లబడ్డాక ఫోన్ టార్చి ఏటవాలుగా దగ్గర పెట్టి చూడండి. లోపల బొమ్మ మసగ్గా కనిపిస్తే ప్యానెల్ బతికే ఉంది, వెనక వెలగాల్సిన లైటే ఆరిపోయింది. మాదాంట్లో శుభలేఖ మీది వినాయకుడు స్పష్టంగానే కనిపించాడు. అంటే బాగయ్యే రోగమే.

ముందు మా వీధికి దగ్గర్లోని షాపులో ఇచ్చాం. అక్కడ ఉబ్బిన కెపాసిటర్, అంటే కరెంటును కాసేపు నిలవ ఉంచే చిన్న డబ్బా, ఒక్కటి పీకి, ఇంకోటి వేసి, డబ్బులు తీసుకున్నారు. నెల తిరక్కుండానే మళ్లీ అదే వరస. సర్వీసు సెంటరుకి ఫోన్ చేస్తే ఈ మోడల్ బోర్డు రావట్లేదు, కొత్త మానిటర్ తీసుకోండి మేడమ్ అన్నారు. చివరికి ప్రెస్సు వాళ్లు ఈ మేడమీది షాపు చెప్పారు.

షాపాయన మాట తక్కువ మనిషి. నేను లక్షణాలు చెప్పడం మొదలుపెట్టగానే "రెండు సెకన్లా, వెంటనేనా?" అని ఒక్కటే అడిగాడు. రెండో ప్రశ్న, "మొదట వచ్చే వెలుగు తెల్లగా ఉందా, ఎర్రగా ఉందా?" తెల్లగానే అన్నాను. ఎర్రగా వస్తే లోపలి ట్యూబులు ముసలివైనట్టట. ఈ పాత మానిటర్లలో ఎల్‌ఈడీలు ఉండవు, సన్నటి సీసీఎఫ్ఎల్ ట్యూబులుంటాయి. అవి పోతే ఖర్చు వేరు, ఆ పని ఒప్పుకోవాలా వద్దా అన్నది కూడా వేరు.

నా ముందే విప్పాడు. స్టాండు తీసి, పాత ప్లాస్టిక్ కార్డుతో అంచు చుట్టూ టకటకమని క్లిప్పులు లేపాడు. పవర్ బోర్డు బయటికి రాగానే ఇంకేమీ ముట్టుకోకుండా, రెండు వైర్లకు కట్టిన బల్బును పెద్ద కెపాసిటర్ కాళ్లకు ఆనించాడు. మన ఇంటి 230 వోల్టుల కరెంటు డీసీగా మారి ఆ డబ్బాలో 325 వోల్టుల దాకా నిలవ ఉంటుంది, ప్లగ్ పీకినా వెంటనే దిగదు. వీడియోలు చూసి స్క్రూడ్రైవర్ పట్టుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి దగ్గర ఆగి ఆలోచించుకోవాలి. నేనైతే ఆ పని పెట్టుకోను.

బోర్డులో అవతలి వైపు, వేడిని లాగేసే అల్యూమినియం హీట్‌సింక్ పక్కనే వరసగా కెపాసిటర్లు. వేలి కణుపంత డబ్బాలు, నెత్తిన కత్తితో గీసినట్టు గాట్లు. ఆ నెత్తి బల్లపరుపుగా ఉండాలి. ఒకటి బాగా ఉబ్బి, గాటు దగ్గర గోధుమరంగు పొక్కు కట్టింది. నాకు కనిపించిన రోగి అదొక్కటే. ఆయన మాత్రం మిగతావన్నీ కూడా పీకి మీటరు మీద పెట్టాడు. ఈఎస్ఆర్ మీటరు అంటారు, కెపాసిటర్ లోపల ఎంత అడ్డు ఉందో ఓముల్లో చెబుతుంది. కొత్త 1000 మైక్రోఫారాడ్, 25 వోల్టులది పెడితే 0.04 చూపించింది. మా బోర్డులోంచి తీసినది, నెత్తి నున్నగా, ముట్టుకుంటే కొత్తదే అనిపించేది, రెండు ఓములు దాటింది. "కనబడేది ఒకటమ్మా, పోయినవి నాలుగు" అన్నాడు. మొదటి షాపు ఎందుకు ఫెయిలయిందో నాకు అక్కడ తెలిసింది.

పొద్దున చలికి రాకపోవడం, వేడెక్కాక రావడం కూడా దీనివల్లే. లోపలి ద్రవం ఎండుతున్న కెపాసిటర్ చల్లగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ అడ్డుపడుతుంది. ట్యూబులు వెలిగించే ఇన్వర్టర్ ఒక్కసారిగా కరెంటు లాగేసరికి వోల్టేజీ ఊగిపోతుంది, రక్షణ సర్క్యూట్ అది చూసి లైటు ఆపేస్తుంది. ఆన్ ఆఫ్ చేస్తూ ఉంటే కెపాసిటర్ కాస్త వేడెక్కి, ఆ పూటకి గట్టెక్కుతుంది. అలా గట్టెక్కించుకుంటూ వాడితే మిగతా భాగాల మీద భారం పడుతుంది, అప్పుడు ఖర్చు పెరుగుతుంది.

ఈ జబ్బుకి చరిత్ర కూడా ఉంది. 1999 నుంచి 2007 దాకా ఎలక్ట్రోలైట్, అంటే లోపలి ద్రవం, సరిగ్గా కుదరని కెపాసిటర్లు లెక్కలేనన్ని మార్కెట్లోకి వచ్చాయి. కొన్ని తైవాన్ కంపెనీల సరుకు ముఖ్యంగా. లోపల రసాయనం అల్యూమినియంను తినేసి గ్యాస్ పుట్టించడం, డబ్బా ఉబ్బడం. మదర్‌బోర్డులు, మానిటర్లు, పవర్ సప్లైలు అన్నీ దానికి బలయ్యాయి. ఆ కాలంలో వచ్చిన మానిటర్ మీ దగ్గరుంటే అటకెక్కించే ముందు ఒకసారి చూపించండి.

కొత్తవి ఏం వేశాడన్నది నాకు ముఖ్యం కాబట్టి అడిగాను. డబ్బా మీద 105 డిగ్రీలు అని రాసున్నవి చూపించాడు. ముందు షాపువాళ్లు వేసింది 85 డిగ్రీలది, అది కూడా పీకి నా చేతిలో పెట్టాడు. ఈ అంకె ఊరికే అలంకారం కాదు. కెపాసిటర్‌కి చెప్పిన వేడిలో 2000 గంటల ఆయుష్షు అనుకుంటే, అంతకంటే పది డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. మానిటర్ లోపల 65 డిగ్రీలు ఉందనుకోండి. 85ది 8000 గంటలు వస్తుంది, 105ది 32000 గంటలు వస్తుంది. మా సెంటర్లో రోజుకి పది గంటలు నడుస్తుంది. అంటే ఒకటి రెండేళ్ల పైచిలుకు, ఇంకోటి దాదాపు తొమ్మిదేళ్లు. రెండింటికీ ధరలో తేడా టీ ఖర్చంత.

నకిలీల సంగతి ఆయన సొరుగులోంచి తీసి మరీ చూపించాడు. కోసి రెండు ముక్కలు చేసిన కెపాసిటర్ అది. బయట పెద్ద డబ్బా, పేరున్న కంపెనీ ముద్ర, లోపల అందులో సగం కూడా లేని ఇంకో చిన్న కెపాసిటర్. పెట్టె విప్పితే పెట్టె. నిచికాన్, రూబీకాన్ లాంటి జపాన్ పేర్లు చూసి ఎక్కువ డబ్బు పెట్టే ముందు అమ్మేవాడు ఎవడో చూడాలి, మీటరు మీద పెట్టి కొనాలి అంటాడు. కింద అంత మార్కెట్ ఉండి కూడా ఆయన తనకు నమ్మకమున్న ఒక్క దుకాణంలోనే తెచ్చుకుంటాడు. అక్కడ లేకపోతే "రేపు రండి" అంటాడు తప్ప దొరికింది వేయడు. ఈ గుణానికే నేను తొమ్మిది మార్కులిచ్చింది.

పని చేస్తుంటే చూడటం బాగుంటుంది. ఐరన్ ఆనించి, సోల్డర్ కరిగి మెరవగానే పంపుతో చటుక్కున లాగుతాడు. కదలని చోట బలవంతం చేయడు. అక్కడ కొత్త సోల్డర్ కొంచెం కలిపి, రెండూ కలిసి కరిగాక అప్పుడు లాగుతాడు. బోర్డు మీది రాగి గీత లేచిపోతే తర్వాత అతుకులే కదా. కొత్తది పెట్టే ముందు దాని పక్కనున్న చార, అంటే మైనస్ వైపు, బోర్డు మీది గుర్తుతో సరిచూసి, పక్కనున్న కుర్రాడికి కూడా చూపిస్తాడు. వాడు "సరిగ్గుంది అన్నా" అంటేనే కాళ్లు కత్తిరిస్తాడు. ఒకటి తిరగేసి పెడితే పటాకాయే. చివర్లో నేరుగా ప్లగ్గులో పెట్టకుండా సిరీస్ బల్బు మీద, అంటే కరెంటు ముందు ఒక బల్బు గుండా వెళ్లేలా కలిపి, ఆన్ చేశాడు. బల్బు ఒక్క క్షణం వెలిగి తగ్గిపోయింది. లోపల షార్ట్ ఉంటే అది అలాగే భగ్గుమని వెలుగుతూ ఉండేదట.

మొత్తం 700 రూపాయలు తీసుకున్నాడు. మార్చిన కెపాసిటర్లన్నీ చిన్న కవర్లో వేసి ఇచ్చాడు, అడక్కుండానే. కెపాసిటర్లు పది నుంచి పాతిక రూపాయల సరుకే, కానీ నేను డబ్బిచ్చింది ఆ మీటరుకి, ఆ చేతికి. కొత్త మానిటర్ అంటే ఏడు వేలకు తక్కువలో నాకు నచ్చినది కనిపించలేదు. సెకండ్‌హ్యాండ్ చదరపువి తక్కువకే దొరుకుతాయి, అయితే వాటి లోపల కూర్చున్నవి కూడా ఇదే వయసు కెపాసిటర్లు. ఎండాకాలం గడిచింది, వానలు గడిచాయి, మళ్లీ చలి వచ్చింది. పొద్దున స్విచ్ వేస్తే ఒక్క దెబ్బకే వస్తోంది.

ఇక తిట్లు. సాయంత్రం అంటే సాయంత్రం కాదు. ఫోన్ ఎత్తడు, ఎత్తితే "అయిపోతుందమ్మా" అంటాడు, అది ఏ కాలమో వ్యాకరణం వచ్చిన నాకే అర్థం కాలేదు. సీజన్లో మానిటర్ అక్కడ వదిలేసి వస్తే టెన్షన్‌తో చస్తాం. కుదిరితే మధ్యాహ్నం రద్దీ తగ్గాక వెళ్లి ఎదురుగా కూర్చుని చేయించుకోండి, కూర్చున్నవాళ్ల పని ముందవుతుంది. ఇది న్యాయం కాదు, నిజం. బిల్లు ఇవ్వడు, గ్యారంటీ నోటిమాటే. విప్పేటప్పుడు అంచు క్లిప్పు ఒకటి విరిగింది. సారీ చెప్పలేదు, లోపల డబుల్ టేప్ వేసి మూసేశాడు. ముందు నుంచి కనబడదు గానీ నాకు తెలుసు కదా. కూర్చోవడానికి ఒకే స్టూలు, దాని మీద ఎప్పుడూ ఏదో ఒక బోర్డు ఉంటుంది. ఫ్యాన్ ఆయన వైపే తిరుగుతుంది.

ఎవరు వెళ్లకూడదో కూడా చెప్పాలి. తెర మీద నిలువు గీతలు, పగుళ్లు, నల్ల మరకలు ఉంటే మెట్లెక్కకండి. అది ప్యానెల్ జబ్బు, కెపాసిటర్లతో పోదు. నా ముందే ఒకాయన గీతల మానిటర్ తెస్తే విప్పను కూడా విప్పకుండా తిరిగి ఇచ్చేశాడు, చూసినందుకు పైసా తీసుకోలేదు. కొత్త ఎల్‌ఈడీ మానిటర్ వారంటీలో ఉంటే ముందు కంపెనీకే వెళ్లండి, ఇక్కడ విప్పిస్తే వారంటీ పోతుంది.

వెళ్లేటప్పుడు మీ కేబుళ్లు మీరే తీసుకెళ్లండి, అక్కడున్న వీజీఏ కేబుల్ పట్టుకుంటే గానీ బొమ్మ నిలవదు. ఫోన్‌పే పనిచేస్తుంది. మానిటర్ వెనక మార్కర్‌తో పేరు, నంబరు రాసి ఇవ్వండి. రసీదు ఉండదు, మూలన పేర్చిన నల్ల మానిటర్లన్నీ ఒకేలా ఉంటాయి.