ఇంటికొచ్చి ‘పడే ప్రమాదం’ చూసే సర్వీసు: 1,800 రూపాయలకు 3 స్టార్లు

మా అమ్మకు 78. గుంటూరులో మా దగ్గరే ఉంటుంది. సంక్రాంతి వెళ్లాక ఒకరోజు మోచెయ్యి నల్లగా కమిలి కనిపిస్తే ఏంటమ్మా ఇది అన్నాను, తలుపు తగిలిందంది. నాకు నమ్మకం కుదర్లేదు. తెలిసినావిడ చెబితే ఇంటికే ఫిజియోను పంపే ఒక సర్వీసుకు ఫోన్ చేశాను. పేరు రాయడం లేదు, ఎందుకో మీకే తెలుస్తుంది.

పొద్దున పదింటికి అన్నవాళ్లు పన్నెండున్నరకు వచ్చారు. కానీ వచ్చిన అమ్మాయికి పని బాగా తెలుసు. "ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా మామ్మగారూ?" అంటే అమ్మ ఠక్కున లేదంది. ఆ పిల్ల అది రాసుకుని వదిలెయ్యలేదు. "పోనీ తూలి కూలబడటం, కాలు జారి కింద కూర్చుండిపోవడం లాంటివి?" అంది. అప్పుడు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి, తులసికోట దగ్గర ఒకసారి, బాత్రూమ్ గడప దగ్గర రెండుసార్లు. అమ్మ లెక్కలో ఎముక విరిగితేనే పడ్డట్టు! పైగా చెబితే గుడికి ఒక్కదాన్నే పంపనని భయమట. నిజమే, నేను ఆపేసేదాన్నే.

తర్వాత హాల్లో టేపుతో 3 మీటర్లు కొలిచి గీత పెట్టింది. కుర్చీలోంచి లేచి, మామూలుగా ఇంట్లో నడిచినట్టే గీత దాకా వెళ్లి, తిరిగొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే జాగ్రత్త పడాలట, అమ్మకు 19 పట్టింది. నడక కన్నా వెనక్కి తిరిగేచోట చిన్న చిన్న అడుగులేస్తూ తడబడటం నేను మొదటిసారి చూశాను. చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలదో కూడా లెక్కపెట్టింది. ఈ వయసు ఆడవాళ్లు కనీసం 10 సార్లన్నా లేవాలి, అమ్మ 5 దగ్గర ఆగిపోయింది.

అసలు డబ్బులు గిట్టింది మాత్రం బీపీ దగ్గర. మామూలుగా డాక్టరు దగ్గర కూర్చోబెట్టి చూస్తారు కదా. ఈ పిల్ల 5 నిమిషాలు పడుకోబెట్టి చూసింది, 142. లేచి నిలబడ్డాక 1 నిమిషానికి 116. పై అంకె 20 పడిపోతేనే ఆలోచించాలట, ఇక్కడ 26! రాత్రి రెండింటికి బాత్రూమ్‌కని గబుక్కున లేస్తే కళ్లు తిరగక ఏమవుతుంది? మందుల డబ్బా తెమ్మంది. బీపీకి రెండు రకాలు, నాన్న పోయినప్పుడు మొదలుపెట్టి ఎవరూ ఆపని నిద్రమాత్ర ఒకటి. మానెయ్యమని తను చెప్పలేదు, నిద్రమాత్ర ఉన్నపళంగా మానకూడదు, ఈ కాగితం డాక్టరుకు చూపించండి అంది. చూపించాం. ఒక బీపీ మాత్ర డోసు తగ్గించారు, నిద్రమాత్ర మెల్లగా తగ్గిస్తున్నారు.

ఇక తిట్లు. రెండు రోజులకు మెయిల్లో రిపోర్టు వచ్చింది. అందులో ఈ బీపీ సంగతి ఒక మూలన చిన్న అక్షరాల్లో ఉంది, పైన పెద్దగా మార్కులు, ‘మధ్యస్థ ప్రమాదం’ అని పసుపు రంగు డబ్బా. ఆ మార్కుల ఫారం మోర్స్ స్కేలు, ఆసుపత్రి వార్డుల్లో రోగులకు వాడేది. సెలైన్ ఎక్కుతోందా అన్న ప్రశ్నకు మా అమ్మ పేరున ‘లేదు, 0’ అని రాశారు! ఇంట్లో తిరిగే మనిషికి సెలైనేంటండీ? ఇలా మార్కులేసి ఎవరు పడతారో చెప్పే ఫారాలు వాడొద్దని బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు రాసే ‘నైస్’ అనే సంస్థే చెబుతోంది.

ఆ మర్నాటి నుంచి ఫోన్లు, ‘ప్రమాదం’ ఉంది కాబట్టి 24 సెషన్ల ప్యాకేజీ తీసుకోమని. భయపెట్టి అమ్మడం నాకు నచ్చలేదు. పోనీ ఇల్లన్నా సరిగ్గా చూశారా అంటే అదీ లేదు, బాత్రూమ్ దారిలో రాత్రి లైటు లేదన్న సంగతీ, అరిగిపోయిన హవాయి చెప్పులూ, నేలకు జీరాడే కుచ్చెళ్లూ నేను చూపిస్తేనే రాసుకున్నారు.

పిలిపించుకుంటే ఆ పడుకోబెట్టి, నిలబెట్టి చూసే బీపీ ఉందా లేదా అని ముందే ఫోన్లో అడగండి, మందుల డబ్బా దగ్గర పెట్టుకోండి. అమ్మ ఇప్పుడు టీవీ సీరియల్ ప్రకటనల్లో కుర్చీలోంచి లేచి కూర్చుంటోంది, నిన్న 8 వచ్చింది. మంచం మీంచి లేచేముందు కాసేపు కూర్చో అంటే మాత్రం ఇంకా వినదు. ప్యాకేజీ ఫోన్లూ ఆగలేదు.