ఇంటికి వచ్చే నర్సింగ్ సేవ: కర్నూలులో మేము చూసినది

పక్షవాతంతో ఎడమ చెయ్యి, కాలు పడిపోయిన మా అమ్మ కోసం, కర్నూలులో ఇళ్లకు నర్సులను, కేర్‌టేకర్లను పంపే ఒక సంస్థ సేవను ఈ వేసవి మొదటి నుంచి వాడుకుంటున్నాము. మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నందున సంస్థ పేరు రాయడం లేదు. మంచం దగ్గర చేసే పని మట్టుకు ఈ సేవ మేము ఇచ్చే డబ్బుకు తగినట్టే ఉంది. మనుషులను పంపే పద్ధతి మాత్రం అలా లేదు.

ఇలాంటి సేవ కోసం వెతికేవారు ముందుగా అడగవలసినది, వచ్చేది ఎవరు అని. ప్రకటనల్లో అందరినీ నర్సులనే అంటారు. నర్సు అంటే మూడేళ్ల జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా) గానీ, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకున్న వ్యక్తి. పగలంతా మంచం పక్కన ఉండే కేర్‌టేకర్‌కు ఆ చదువు ఉండదు. ఈ సంస్థ ఆ తేడాను దాచలేదు. జీఎన్‌ఎం నర్సు మొదటి రోజు వచ్చి చూస్తారని, ఆ తర్వాత వారానికొకసారి వస్తారని, ఇంజెక్షన్లు వేయడం, యూరిన్ పైపు మార్చడం, ఆహారం పోసే ముక్కు గొట్టం వేయడం కేర్‌టేకర్ చేయకూడదని కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ కాగితాన్ని మేము అమ్మ గదిలోనే గోడకు అంటించాము, చూడవచ్చిన బంధువులు కేర్‌టేకర్‌ను "ఆ సూది నువ్వే వేయరాదా అమ్మా" అని అడగకుండా.

మొదటి రోజు వచ్చిన నర్సు బీపీ, షుగరు చూడడంతో సరిపెట్టకుండా బ్రేడెన్ స్కేల్ పత్రం తీసి నింపారు. పడక పుండ్లు పడే ప్రమాదం ఎంతో ముందే అంచనా వేయడానికి బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే అమెరికా నర్సింగ్ పరిశోధకులు 1980లలో తయారు చేసిన కొలత అది. ఒంటికి నొప్పి తెలియడం, చర్మం తడిగా ఉండడం, మంచం దిగి తిరగడం, మంచంలో తనంతట తాను కదలడం, తిండి, పక్కబట్టకు ఒరుసుకోవడం అనే ఆరు విషయాలకు మార్కులు వేస్తారు. మొత్తం 6 నుంచి 23 వరకు వస్తుంది; 18 గానీ అంతకు తక్కువ గానీ వస్తే ప్రమాదం ఉన్నట్టు. అమ్మకు చాలా తక్కువే వచ్చింది. ఆ మార్కును బట్టి ఇంట్లో పనులు మార్చడం నాకు నచ్చిన సంగతి. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం, తిప్పేటప్పుడు లాగకుండా ఇద్దరు దుప్పటితో ఎత్తడం, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టడం నేర్పించారు. ఎర్రబడిన చోట నూనె రాసి రుద్దడం మా ఇళ్లలో పెద్దల అలవాటు. ఎముక మీద అప్పటికే నలిగిన చర్మం రుద్దితే ఇంకా దెబ్బతింటుందని చెప్పి దాన్ని మాన్పించారు.

కర్నూలు ఎండ సంగతి చెప్పనక్కర లేదు. నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం వేళ ప్లాస్టిక్ షీటు మీద పడుకున్న మనిషి వీపు చెమటతో నానిపోతుంది, ఆ స్కేలులో తడికి ఎందుకు మార్కులు వేస్తారో అప్పుడు అర్థమవుతుంది. షీటు తీసేసి, ఉతకడానికి వీలైన నూలు బట్టలు మడతపెట్టి వేయమన్నది కేర్‌టేకరే. కరెంటు పోయినప్పుడు, పుండ్లు పడకుండా వేసిన గాలి పరుపు మోటారు ఆగిపోతుంది కనుక అప్పుడు గంటకొకసారి తిప్పాలని కూడా ఆమే చెప్పింది. ముక్కు గొట్టంలో రాగి జావ పోసేటప్పుడు పలుచని గుడ్డలో వడకట్టడం, పోయడానికి ముందూ తర్వాతా నీళ్లతో గొట్టం కడగడం, తల వైపు ఎత్తి ఉంచి, పోసిన తర్వాత కనీసం అరగంట వరకు దించకపోవడం వంటివి ఒక్కరోజు కూడా తప్పలేదు. ఇంతవరకు అమ్మకు పుండు పడలేదు.

ఇక తీరు విషయం. మాకు మొదట వచ్చిన కేర్‌టేకర్ ఆదోని వైపు అమ్మాయి. పని తప్ప మాట లేదు. రెండో ఆమె నంద్యాల వైపు నుంచి వచ్చింది. "అవ్వా, ఏం తింటావు, నీ మనవరాళ్లు ఎంతమంది" అంటూ ఇల్లంతా కలివిడిగా తిరిగేది, మా అందరికీ ఆమే నచ్చింది. అమ్మ మాత్రం ఆ మాట్లాడని పాపనే పిలవమని పట్టుబట్టింది. "ఆ పాప చెయ్యేస్తే నొప్పి తెలియదు" అన్నది. ఇందులో ఆశ్చర్యం లేదని నర్సింగ్ పరిశోధన గురించి తెలిసినవారు అంటారు. 1980లలో అమెరికాలో పట్రీషియా లార్సన్ అనే పరిశోధకురాలు, నర్సు చేసే 50 పనులను చీటీల మీద రాసి, వాటిని ముఖ్యమైనవాటి నుంచి వరుసగా పేర్చమని క్యాన్సర్ రోగులను కోరారు. రోగులు పైన పెట్టినవి ఇంజెక్షన్, సెలైన్ సరిగా ఎక్కించడం, పరికరాలు వాడడం తెలిసి ఉండడం, డాక్టరును ఎప్పుడు పిలవాలో తెలిసి ఉండడం వంటివి. అదే పని నర్సులకు ఇస్తే వారు రోగి చెప్పేది వినడాన్ని అన్నిటికంటే పైన పెట్టారు. తర్వాత ఇతర చోట్ల జరిగిన అధ్యయనాల్లోనూ ఇలాంటి తేడా పలుమార్లు కనిపించింది. మాటతీరు అక్కరలేదని దీని అర్థం కాదు. గొట్టాలతో, పైపులతో కదలలేక పడి ఉన్న మనిషికి ముందుగా కావలసినది భయపడనక్కరలేని చెయ్యి. కలివిడి మాట ఎక్కువగా ఊరట ఇచ్చేది మంచం చుట్టూ నిలబడ్డ మా వంటివారికి. కేర్‌టేకర్‌ను ఎంచుకునేటప్పుడు ఇంటివారు తమ ఇష్టాన్నే రోగి ఇష్టమనుకోవడం ఎంత సులువో ఇక్కడ తెలిసింది.

సంస్థ తప్పు సరిగ్గా ఈ చోటే ఉంది. అమ్మకు అలవాటైన అమ్మాయిని చెప్పకుండా వేరే ఇంటికి పంపేవారు; పొద్దున గుమ్మంలో కొత్త ముఖం కనిపించేది. వెళ్లిన ఆమెకు, వచ్చిన ఆమెకు మధ్య అప్పగింత లేదు. బీపీ, మూత్రం కొలత, జావ పోసిన వేళ రాసే పుస్తకం ఉంది కానీ, ఏ పక్కకు తిప్పితే భుజం నొప్పి పెడుతుందో, ఏ మాట అన్నప్పుడు అమ్మ కళ్లు తడుస్తాయో రాయడానికి అందులో గడి లేదు. ఆఫీసుకు ఫోను చేస్తే "అందరూ ట్రైనింగ్ అయినవాళ్లే సార్" అన్న జవాబే వచ్చింది. పన్నెండు గంటల షిఫ్టులో ఆ పిల్లలకు కూర్చుని తినేందుకు వేళ పెట్టలేదు, వారాంతపు సెలవు కూడా మేము అడిగితేనే ఇచ్చారు. అంత అలసిన మనిషి నుంచి ఓర్పు ఆశించడం ఎవరికీ న్యాయం కాదు.

ఇంటివారి గురించి కూడా ఎవరూ అడగలేదు. రాత్రి కేర్‌టేకర్ ఉన్న రోజుల్లో కూడా మా వదినకు నిద్ర పట్టేది కాదు, పగలు ఆఫీసు. సేవ చేసే కుటుంబసభ్యుల మీద పడే భారాన్ని కొలవడానికి 22 ప్రశ్నల జారిట్ పత్రం 1980 దశకం నుంచీ వాడుకలో ఉంది. అమ్మకు బ్రేడెన్ పత్రం నింపిన నర్సు, వారానికొకసారి వచ్చినప్పుడు వదినను పది నిమిషాలు కూర్చోబెట్టి అందులో నాలుగు ప్రశ్నలు అడిగినా బాగుండేది.

నర్సు సందర్శనకు విడిగా డబ్బు తీసుకుంటారు, రసీదు అడిగితే ఇస్తారు, ఆలస్యం అరుదు. రాత్రి షిఫ్టు మానేసి, పగటి షిఫ్టు ఉంచుకున్నాము. కేర్‌టేకర్‌ను మార్చాలంటే రెండు రోజుల ముందు చెప్పాలని, కొత్తగా వచ్చే ఆమె పాత ఆమెతో కలిసి ఒక పూట పనిచేయాలని, ఆ పూటకు అయ్యే డబ్బు మేమే ఇస్తామని ఒప్పందంలో రాయించాము. మేనేజరు మొదట గొణిగినా సంతకం పెట్టారు. పోయిన నెల మార్పు ఈ పద్ధతిలోనే జరిగింది, అమ్మ ఆ రోజు మామూలుగానే జావ పోయించుకుంది. నేను ఇచ్చే మార్కులు ఐదుకు మూడున్నర.