తూటా బ్రాస్: నీళ్ళలో కడగాలా, పొడిగా తిప్పాలా?

రీలోడింగ్ (కాల్చిన తూటాల ఖాళీ కేసింగుల్ని మళ్ళీ నింపుకోవడం) మొదలుపెట్టే మనవాళ్ళు ప్రెస్సు, డైలు, త్రాసు కొనేదాకా నన్ను పెద్దగా ఏమీ అడగరు. షూటింగ్ రేంజ్ నుంచి మొదటి బకెట్ ఖాళీ బ్రాస్, అంటే కాల్చాక మిగిలే ఇత్తడి కేసింగులు, ఇంటికి చేరాక మాత్రం టెక్సాస్‌లో ఉన్నా, ఒహాయోలో ఉన్నా అందరిదీ ఒకటే ప్రశ్న: బ్రాస్‌ని శుభ్రం చేసే మెషిన్లలో డ్రై టంబ్లర్ మేలా, వెట్ టంబ్లర్ మేలా? నేను ఎదురు ప్రశ్న వేస్తాను. ఆ మెషిన్ ఎక్కడ పెడతారు? ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా? (ఇండియాలో ఉన్నవాళ్ళకి ఇది చదువుకోవడానికి మాత్రమే. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.)

ముందు మెరుపు సంగతి తేల్చేద్దాం. బంగారంలా మెరిసే బ్రాస్ ఫొటోలు చూసి చాలామంది వెట్ టంబ్లర్ కొంటారు. మెరుపు వల్ల గురి కుదరదు. మనకి కావలసింది మట్టి, ఇసుక, మసి వదలడం. అవి వదలకపోతే సైజింగ్ డైలో (కేసింగ్‌ని మళ్ళీ సరైన కొలతకి నొక్కే అచ్చు) గీత పడుతుంది, ఆ తర్వాత డైలోకి వెళ్ళిన ప్రతి కేసింగ్ మీదా అదే గీత తేలుతుంది. నల్లబడ్డ బ్రాస్ అయినా గరుకు లేకపోతే చక్కగా పనిచేస్తుంది. ఈ మాత్రం పని రెండు మెషిన్లూ చేస్తాయి.

పొడి పద్ధతిలో సుఖం ఎక్కువ. అదురుతూ ఉండే గిన్నెలో వాల్‌నట్ పెంకుల రవ్వ గానీ మొక్కజొన్న కండెల రవ్వ గానీ పోసి, కాస్త కార్ పాలిష్ కలిపి, బ్రాస్ వేసి రెండు మూడు గంటలు వదిలేస్తే చాలు. మురికి ఎక్కువుంటే వాల్‌నట్, నిగనిగలాడాలంటే మొక్కజొన్న. జల్లెడ పట్టి తీస్తే పని అయిపోయినట్టే, ఆరబెట్టే బాధ లేదు. పాత ప్రైమర్ (కేసింగ్ అడుగున ఉండి లోపలి మందుని, అంటే పౌడర్‌ని, అంటించే చిన్న బిళ్ళ) తీయకుండానే వేయొచ్చు. ముందే తీస్తే రవ్వ ఫ్లాష్ హోల్‌లో (ప్రైమర్ నిప్పు లోపలికి వెళ్ళే సన్న రంధ్రం) ఇరుక్కుంటుంది. రైఫిల్ వాళ్ళకి ఇంకో లాభం ఉంది. నెక్ (బుల్లెట్‌ని పట్టుకునే కేసింగ్ మెడ) లోపల పల్చటి మసి పొర మిగలడంతో బుల్లెట్ సాఫీగా, ప్రతిసారీ ఒకే ఒత్తిడితో కూర్చుంటుంది. ధర కూడా తక్కువే.

తడి పద్ధతిలో తిరిగే డ్రమ్ములో నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), సన్నటి స్టీల్ పిన్నులు వేస్తారు. ప్రైమర్లు ముందే తీసేస్తే ప్రైమర్ పాకెట్ (ప్రైమర్ కూర్చునే గుంట) సహా లోపలా బయటా కొత్తదానిలా వస్తుంది. అమ్మమ్మ ఇత్తడి బిందెకి చింతపండు రాస్తే జరిగేదే ఇక్కడ నిమ్మ ఉప్పుతో జరుగుతుంది: పులుపు పైనున్న ఆక్సైడ్ పొరని కరిగిస్తుంది. తూటా బ్రాస్‌లో రాగి 70 శాతం, జింకు 30 శాతం. పులుపు ఎక్కువైతే జింకు కూడా వదిలి బ్రాస్ గులాబీ రంగుకి తిరుగుతుంది. అలా తిరిగినదాన్ని నేను వాడను.

అమ్మోనియా కలిసిన మెటల్ పాలిష్ మాత్రం ఏ పద్ధతిలోనూ వద్దు. బ్రిటిష్ సైన్యం మన దేశంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల కేసింగులు వానాకాలంలో వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, బ్రాస్‌ని సాగదీసినప్పుడు లోపల మిగిలిపోయిన ఒత్తిడి, రెండూ కలిసి చేసిన పని అదని 1921లో తేలింది. సీజన్ క్రాకింగ్ అనే పేరు అక్కడిదే.

తడి పద్ధతిలో తలనొప్పులు లేకపోలేదు. .223 రైఫిల్ తూటా లాంటి సన్న మెడల్లో పిన్నులు అడ్డంగా ఇరుక్కుంటాయి, ఒక్కోదాన్నీ వెలుతురుకి పెట్టి చూడాలి. గంటల తరబడి తిప్పితే కేసింగ్ మూతులు ఒకదానికొకటి కొట్టుకుని అంచు మందమవుతుంది. పిస్టల్ కేసింగుల్లో 9 ఎంఎం వెళ్ళి .45లో దూరి బిగుసుకుంటుంది, అందుకని ముందే వేరుచేసుకోవాలి. అన్నిటికన్నా పెద్ద పని ఆరబెట్టడం. బయట పొడిగా కనిపించినా లోపల చెమ్మ ఉండొచ్చు. దాంతో ప్రైమర్ గానీ పౌడర్ గానీ పాడైతే బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఆగిపోవచ్చు, అది చూసుకోకుండా ఇంకోటి కాలిస్తే తుపాకీ పేలిపోవచ్చు. టెక్సాస్ ఎండలో తువ్వాలు మీద పరిస్తే చాలు. చలికాలంలో పళ్ళు ఆరబెట్టే డీహైడ్రేటర్ కావాలి. దాన్ని బ్రాస్‌కి వాడాక ఇంక తిండి పనికి వాడకూడదు.

ఎందుకంటే సీసం. నా తీర్పంతా దీనిమీదే ఆధారపడింది. మామూలు ప్రైమర్లలో లెడ్ స్టిఫ్నేట్ ఉంటుంది. తూటా కాల్చాక ఆ సీసం కేసింగ్ లోపలి మసిలో మిగిలిపోతుంది. డ్రై టంబ్లర్‌లో అది రవ్వకి పట్టి దుమ్మవుతుంది. జల్లెడ పట్టేటప్పుడు లేచే ఆ దుమ్ము చేతులకి, బట్టలకి, చెప్పులకి అంటి ఇంట్లోకి వస్తుంది. నేలమీద పాకే బిడ్డ వేళ్ళు నోట్లోకే వెళ్తాయి. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా పర్వాలేదు అనే హద్దు ఏదీ లేదు. ఇంతకుమించితే జాగ్రత్తపడాలని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ పెట్టిన గీత 2021లో డెసిలీటర్‌కి 5 మైక్రోగ్రాముల నుంచి 3.5కి దిగింది. మూత పెట్టి తిప్పడం, రవ్వలో వాడేసిన డ్రయ్యర్ షీట్ ముక్కలు వేయడం, ఆరుబయట మాస్క్ పెట్టుకుని జల్లెడ పట్టడం, ఇవన్నీ దుమ్ముని తగ్గిస్తాయి, పూర్తిగా ఆపవు.

నీళ్ళలో అయితే సీసం గాల్లోకి లేవదు. అలాగని మాయమూ అవదు, ఆ నల్లటి నీళ్ళలోనే ఉంటుంది. గ్లవ్స్ వేసుకోవాలి, కిచెన్ సింక్‌లో కడగకూడదు. పెరట్లో అసలే పోయకూడదు, ముఖ్యంగా గోంగూర, తోటకూర మడుల దగ్గర. మన ఇళ్ళల్లో అవి లేని పెరడు తక్కువ కాబట్టి చెప్తున్నా. బకెట్‌లో తేరనిచ్చి, అడుగున దిగిన మడ్డిని మీ ఊరి హానికర వ్యర్థాల సేకరణ కేంద్రంలో ఇవ్వండి.

అందుకే పిల్లలున్న ఇల్లయినా, అపార్ట్‌మెంట్ అయినా, ఇంటికి ఆనుకున్న గరాజ్ అయినా తడి పద్ధతే తీసుకోమంటాను. నేను వాడేదీ అదే. 9 ఎంఎంకి పిన్నులు కూడా వేయను. సబ్బు, నిమ్మ ఉప్పు, బ్రాస్ ఒకదానికొకటి రాసుకోవడం, వాటితోనే సరిపోతుంది. ప్రైమర్ పాకెట్ కాస్త మురికిగా మిగిలినా పిస్టల్‌కి ఫర్వాలేదు. .308 రైఫిల్ బ్రాస్‌కి మాత్రం పిన్నులు వేస్తాను. అలా కడిగాక నెక్ లోపల మసి పూర్తిగా పోతుంది కాబట్టి, బుల్లెట్ పెట్టేముందు నైలాన్ బ్రష్‌తో కాస్త గ్రాఫైట్ పొడి పట్టిస్తాను.

అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాలతో కడిగే) మెషిన్ యాభై కేసింగులకి బాగుంటుంది, బకెట్‌కి కాదు. నిమ్మ ఉప్పు నీళ్ళలో ఊరికే నానబెట్టడం మెషిన్ కొనేదాకా నడుస్తుంది.

ఇంటికి దూరంగా వేరే షెడ్డు ఉండి, ఇంట్లో చిన్నపిల్లలు లేక, వారానికి వందల పిస్టల్ తూటాలు కాల్చేవాళ్ళు మాత్రం డ్రై టంబ్లర్ కొనుక్కోండి. ఆ షెడ్డుకి వేరే చెప్పులు పెట్టుకోండి, రవ్వ నల్లబడక ముందే మార్చండి.