జేస్టోర్, శోధ్‌గంగా, ఆర్కైవ్: తిరుపతి నుంచి వాడుతున్న అనుభవం

చిత్తూరు జిల్లా చెరువుల చరిత్ర మీద పీహెచ్‌డీ కోసం ఏళ్ల తరబడి ఈ మూడింటితో కుస్తీ పడుతున్నాను. జేస్టోర్ పరిశోధన జర్నళ్ల ఆన్‌లైన్ భాండాగారం, శోధ్‌గంగా మన దేశపు యూనివర్సిటీల థీసిస్‌లది, ఆర్కైవ్ అంటే స్కాన్ చేసిన పుస్తకాలుండే ఇంటర్నెట్ ఆర్కైవ్.

ముందు జేస్టోర్. పాత జర్నళ్ల స్కాన్లు శుభ్రంగా ఉంటాయి. యూనివర్సిటీ లాగిన్ లేకపోయినా సొంత అకౌంటు తెరిచి నెలకు 100 వ్యాసాల దాకా ఉచితంగా ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. డౌన్‌లోడ్ మాత్రం కుదరదు. చాలా జర్నళ్లవి చివరి మూడు నుంచి ఐదేళ్ల సంచికలు ఉండవు కాబట్టి తాజా పరిశోధనకు వేరే చోట చూసుకోవాలి.

అసలు తిప్పలంతా వెతకడంలోనే. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు చిత్తూరు పట్టణం నార్త్ ఆర్కాట్ జిల్లా కేంద్రం, మదనపల్లె కడప జిల్లాలోది. ‘చిత్తూరు డిస్ట్రిక్ట్’ అని కొడితే 19వ శతాబ్దం దాదాపు మాయం. ‘నార్త్ ఆర్కాట్’ను కొటేషన్లలో పెట్టి, పక్కన ‘ట్యాంక్’ (చెరువుకు ఇంగ్లీషు కాగితాల్లో వాడే మాట) చేర్చండి, కథ మారిపోతుంది. కంపెనీ కాలం కాగితాల్లో తిరుపతి ‘ట్రిపెట్టీ’గా కూడా కనిపిస్తుంది. ఇలాంటి పేర్ల మధ్య పెద్దక్షరాల్లో ‘OR’ పెడితే అన్నీ ఒకేసారి వస్తాయి.

నాకు బాగా కలిసొచ్చింది చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ 1960లో రాసిన వ్యాసం. నైవేద్యాల కోసం దాతలిచ్చిన డబ్బును విజయనగర కాలంలో తిరుమల ఆలయం తన గ్రామాల్లో చెరువులకు, కాలువలకు పెట్టి, పెరిగిన పంటతో ఆ నైవేద్యాలు నడిపిన తీరు అందులో ఉంది. దాన్ని జేస్టోర్‌లో చదివి, ఫుట్‌నోట్లు పట్టుకుని దేవస్థానం అచ్చువేసిన శాసన సంపుటాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో తెరిచాను. శాసనం పాఠం పక్కనుంటే వ్యాసకర్త ఎక్కడ లాగి చెప్పాడో కూడా తెలిసిపోతుంది.

ఆర్కైవ్‌లో తెలుగు పుస్తకాలకు కొదవ లేదు. కానీ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఇష్టమొచ్చినట్టు ఎక్కించారు. తెలుగు స్కాన్ లోపల మాట వెతకడాన్ని నమ్ముకోవద్దు, విషయసూచిక తిప్పడమే దారి.

శోధ్‌గంగా పూర్తిగా ఉచితం. అధ్యాయానికో పీడీఎఫ్ విడిగా తెరవాలి, అదొక విసుగు. కొన్ని థీసిస్‌లు పాత గెజిటీర్‌కు (జిల్లా వివరాలతో సర్కారు వేసిన పుస్తకం) కొత్త అట్ట వేసినట్టుంటాయి (గైడ్లు చదివారో లేదో!). నేనైతే నేరుగా గ్రంథసూచి ఫైలుకే వెళ్తాను.

కరణాల లెక్కలు, చెరువు మరమ్మతుల ఫైళ్లు నాకు వీటిలో దొరకలేదు. వాటికోసం ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను.